నాగులేటి ఒడ్డున వీరుల ఊరు

చరిత్ర అనగానే మన విద్యార్థుల మనస్సు రాజధానుల వైపు పరుగెత్తును. ఓరుగల్లు, హంపి, గోలకొండ, రాజమహేంద్రవరము — ఇవియే చరిత్రకు నిలయములని, పల్లెలకు పంటలే గాని చరిత్ర ఉండదని ఒక అపోహ మనలో నాటుకొని ఉన్నది. రాజుల పట్టాభిషేక సంవత్సరములను కంఠస్థము చేసిన బాలునకు, తాను పుట్టిన ఊరి చెరువును ఎవరు త్రవ్వించినారో తెలియదు. తెలిసికొనవలెనన్న కుతూహలమును ఎవరును రేకెత్తించలేదు.

ఇంగ్లండు దేశములో ఈ విషయమున ఒక మంచి అలవాటు ఉన్నది. నాలుగు వీధులు, ఒక చర్చి, నడుమ ఒక పచ్చిక మైదానము మాత్రమే ఉన్న పల్లె సైతము తన చరిత్రను తాను వ్రాసికొనును. 1086 వ సంవత్సరములో విలియం రాజు వ్రాయించిన భూముల లెక్కల పుస్తకములో తన పేరు ఉన్నదేమో వెదకుకొనును. 1538 లో వెలువడిన ఆజ్ఞ ననుసరించి, పిల్లల జ్ఞానస్నానములు, పెండ్లిండ్లు, ఖననములు చర్చి పుస్తకములకు ఎక్కినవి. ఒక సాధారణ రైతు, ఒక వడ్రంగి, ఒక గొల్లవాడు ఎప్పుడు పెండ్లాడి ఎప్పుడు కన్నుమూసినాడో అందువలన నేటికిని తెలియుచున్నది. ఇక 1914 నుండి 1918 వరకు జరిగిన మహాయుద్ధము తరువాత దాదాపు ప్రతి పల్లెలోను ఒక రాతి స్తంభము లేచినది. దానిపై ఆ ఊరినుండి వెళ్లి తిరిగిరాని వారి పేర్లు చెక్కినారు. ఏటేట నవంబరు మాసములో ఊరివారు ఆ రాతి చుట్టు చేరి, ఆ పేర్లను పైకి చదివి, కొంతసేపు మౌనము వహింతురు. యుద్ధమునకు వెళ్లినవారందరు ప్రాణములతో తిరిగివచ్చిన పల్లెలు ఏ కొద్దియో ఉన్నవి. వానిని ఆ దేశమువారు 'కృతజ్ఞ గ్రామములు' అని పిలుతురు.

ఇట్టి స్మృతి మనకు లేదా? ఉన్నది. నవంబరు డిసెంబరుల నడుమ, కార్తిక అమావాస్య వచ్చునప్పటికి పలనాటిలో ఒక ఊరు తన వీరుల పేర్లను తలచుకొనును. ఇంగ్లండు పల్లెలోని రాయి వయస్సు నిండా నూటపదేండ్లు లేదు. ఇక్కడ తలచుకొను యుద్ధము జరిగి ఎనిమిది శతాబ్దములు దాటినది. ఆ ఊరు కారెంపూడి.

ఊరు, ఏరు

మాచర్లకు తూర్పుగా ఇంచుమించు ముప్పది కిలోమీటర్ల దూరమున, నాగులేటి ఒడ్డున కారెంపూడి ఉన్నది. నాగులేరు పెద్ద నది కాదు. వానకాలమున పొంగి, వేసవిలో మడుగులుగా చీలి, చివరకు కృష్ణలో కలియు చిన్న ఏరు. పలనాటి నేలయే అట్టిది. నల్లరేగడి, నాపరాయి, ముండ్లపొదలు, ఎండకు కాగిన గుట్టలు. శ్రీనాథుని పేర ప్రచారములో ఉన్న చాటువులలో ఈ నేల రాళ్లను, ఇక్కడి జొన్నకూటిని ఎత్తిపొడిచినవి ఉన్నవి. సన్నబియ్యమునకు, రాజభోగములకు అలవాటుపడిన కవికి పలనాడు రుచింపకపోవుటలో వింత లేదు. వింత ఏమనగా, అదే కవి పలనాటి వీరులపై ద్విపద కావ్యము వ్రాసినాడని సాహిత్యలోకము చెప్పుకొనుట. నేలను మెచ్చని కవికూడ నేల కన్న మనుష్యులను మెచ్చక తప్పలేదన్నమాట.

ఊరిలో వీరుల గుడి ఉన్నది. చెన్నకేశవుని ఆలయము, అంకాలమ్మ గుడి ఉన్నవి. ఏటిలో గంగధారి మడుగు ఉన్నది. తక్కిన దినములలో ఇది ఇతర పల్లెలవలెనే మిరప, పత్తి, కంది పండించుకొనుచు, సంతకును బడికిని పోవుచుండును. 1985 లో మండల వ్యవస్థ ఏర్పడినప్పుడు మండల కేంద్రమైనది. 2022 ఏప్రిలు 4 న నరసరావుపేట ముఖ్యపట్టణముగా పల్నాడు జిల్లా వెలసినప్పుడు ఆ జిల్లాలో చేరినది. పరిపాలనలో దాని చోటు ఇంతే. జ్ఞాపకములో దాని చోటు ఇంతకంటె ఎంతో పెద్దది.

ఇంటి పోరు

పలనాటి కథ తెలుగువారికి కొత్త కాదు. అయినను చిన్నవారికొరకు క్లుప్తముగా చెప్పుకొనవలెను. పండ్రెండవ శతాబ్దమున హైహయ వంశపు అనుగురాజు పలనాటికి వచ్చి, చందవోలు నేలిన వెలనాటి ప్రభువుల ఇంటి ఆడపడుచు మైలమను పెండ్లాడి, ఈ సీమను అరణముగా పొందినాడని కథ. అతనికి పలువురు భార్యలు. సవతితల్లుల బిడ్డలలో నలగామరాజు గురజాలలోను, మలిదేవరాజు మాచర్లలోను నిలిచినారు. రాజ్యము రెండైనది. గురజాల పక్షమున నాయకురాలు నాగమ్మ, మాచర్ల పక్షమున బ్రహ్మనాయుడు మంత్రులై నిలిచినారు.

కోడిపందెముతో వైరము ముదిరినది. ఓడినవారు ఏడేండ్లు రాజ్యము విడిచిపోవలెనని ఒడంబడిక. మాచర్లవారు ఓడినారు. పిల్లలతో, పశువులతో అడవి పట్టినారు. మండాదిలో ఉన్న కాలమున వారి ఆలమందలపై దాడి జరిగినది. మందలను కాచిన లంకన్న పోరాడి మరణించినాడు. గడువు తీరిన తరువాత తమ పాలు తమకిమ్మని అడుగుటకు అలరాజును రాయబారిగా పంపినారు. అలరాజు పరాయివాడు కాదు. నలగామరాజునకు స్వయముగా అల్లుడు. అతడు తిరుగుదారిలో చర్లగుడిపాడు వద్ద విషప్రయోగమునకు బలి అయినాడు. అతని భార్య పేరిందేవి తండ్రి ఇంటివైపు చూడక భర్త చితివైపు నడచినది. ఆ చితిమంటయే యుద్ధమునకు అంటుకొన్నది. ఉభయసేనలు కారెంపూడి వద్ద తలపడినవి.

తండ్రి వారించినను వినక యుద్ధమునకు వచ్చిన బాలచంద్రుడు, భర్త చేతికి కత్తి నందించిన మాంచాల, సేనాపతియైన మాల కన్నమదాసు, బాలచంద్రుని అన్నదమ్ములవలె వెన్నంటిన కుమ్మరి, చాకలి, మంగలి, కమ్మరి బిడ్డలు, తనను యుద్ధమునకు దూరము చేసినారని తెలిసి ప్రాణము విడిచిన బ్రాహ్మణ కుమారుడు అనపోతు — వీరి పేర్లు పలనాటిలో పసిపిల్లలకు సైతము తెలిసినవే. బాలచంద్రుడు బొంగరములాడుచుండగా ఆ బొంగరము తగిలి నొచ్చిన ఒక వైశ్యకన్య, పెద్దలు రణభూమిలో ఉండగా నీకు ఆటలా అని దెప్పిపొడిచిన ఘట్టము తెలియని పలనాటి పిల్లవాడు ఉండడు.

యుద్ధము ఎట్లు ముగిసినది? ఇదియే విద్యార్థులు గమనింపవలసిన చోటు. ఒక పక్షము గెలిచి సుఖముగా రాజ్యమేలినదని కథ చెప్పదు. వీరులందరు ఒరిగినారు. మిగిలిన బ్రహ్మనాయుడు నలగామరాజునకే రాజ్యమప్పగించి గుత్తికొండ బిలములో తపస్సునకు పోయినాడని ప్రతీతి. పలనాటిని కాని, వెలనాటిని కాని ఆ వంశములు చాలకాలము నిలుపుకొనలేకపోయినవి. ఆ శతాబ్ది ముగియు నాటికి తెలుగు సీమలో ఓరుగంటి కాకతీయుల ప్రాభవము పెరుగుచుండెను. అన్నదమ్ములు తెగనరుకుకొన్న నేల మూడవవాని పాలగుట చరిత్రలో ఎన్నిసార్లు జరుగలేదు!

ఉత్సవ క్రమములోని సూక్ష్మము

కార్తిక అమావాస్యతో కారెంపూడిలో పలనాటి వీరారాధన ఉత్సవములు ఆరంభమగును. అయిదు దినములు, అయిదు పేర్లు: రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. తెలుగునేల నలుమూలలనుండి వీరాచారవంతులు వత్తురు. వీరి ఇండ్లలో తరతరములుగా పూజలందుకొనుచున్న వీరుల ఆయుధములను కొణతములందురు. వానిని భుజమున ధరించి, గంగధారి మడుగులో స్నానము చేయించి, వీరుల గుడికి ఊరేగింపుగా తెత్తురు. వాడుకలో అరువదియారుగురుగా చెప్పబడు ఆ వీరులకు పీఠాధిపతి ఆధ్వర్యమున పూజలు జరుగును. ఆ దినములలో ఊరు ఊరుగా ఉండదు, శిబిరముగా మారును. ఎక్కడో బ్రతుకుతెరువు వెదకుకొని వెళ్లిన కుటుంబములు కొణతముల వెంట తిరిగివచ్చును.

ఈ అయిదు దినముల వరుసను ఒకసారి నిదానించి చూడవలెను. కథలో ముందు జరిగినది కోడిపోరు, తరువాతది మందలపై దాడి, ఆ తరువాతది రాయబారము. ఉత్సవములో ఈ మూడును తలక్రిందులైనవి. ముందు రాయబారము, పిదప మందపోరు, ఆపై కోడిపోరు, చివరకు వీరులు నేలకొరగిన కల్లిపాడు. ఈ క్రమము ఎప్పుడు, ఏ కారణమున ఏర్పడినదైనను, చూచువారికి అది ఒక ప్రశ్నవలె తోచును. అలరాజు ఏల చచ్చినాడు? మందల కొరకు పుట్టిన పగ వలన. మందలు ఏల అడవిపాలైనవి? ఒక కోడిపందెము వలన. అట్లు వెనుకకు, వెనుకకు నడచి మూలమును ముట్టిన మరునాడే చూపరి శవముల నడుమ నిలుచును. రెండు కోళ్ల కాళ్లకు కట్టిన కత్తులు ఎంత దూరము తెగినవో ఈ వరుస చెప్పినంత సూటిగా మరి ఏ వ్యాఖ్యానమును చెప్పజాలదు.

ఇంగ్లండు పల్లెలోని రాయి ఎవరు చనిపోయినారో చెప్పును. ఎందువలన చనిపోయినారో చెప్పదు. కారెంపూడి ఎందువలన అను ప్రశ్నను సైతము ఏటేట ఆడి చూపించుచున్నది. ఇంకొక భేదము కూడ ఉన్నది. అక్కడి రాతిపై ఉన్నవి తమ పక్షము వారి పేర్లు. ఇక్కడ జరిగినది ఇంటి పోరు. ఎదుటి పక్షమువాడు మేనల్లుడో, మామయో, సవతి తమ్ముడో. అందుచేత ఇక్కడి శోకమునకు శత్రువు దొరకడు.

గొంతులో నిలిచిన గ్రంథము

ఈ కథను ఎనిమిది శతాబ్దములు మోసినవారు ఎవరు? రాజాస్థానములు కావు, మఠములు కావు. ఊరి వెలుపలి పేటలలో నివసించిన మాల గాయకులు. వీరిని విద్దెవాండ్రని, విద్యవంతులని పిలుతురు. ప్రధానగాయకుడు కత్తి పట్టి నిలిచి కథ నడుపును. పక్కన పంబ మ్రోగును, తిత్తి శ్రుతిపట్టును, తాళములు పలుకును. రాత్రి ప్రొద్దుపోయిన తరువాత ఎత్తుకొన్న పాట తెల్లవారినను తెగదు. సంపూర్ణ కథకు ఒక్క రాత్రి చాలదు. చదువుకొన్నవారు అక్షరము రానివారని తలచిన ఆ గాయకుల జ్ఞాపకములో ఒక మహాకావ్యము దాగి ఉన్నది.

ఈ పాట పాతదనుటకు సాహిత్యములోనే సాక్ష్యము కలదు. క్రీడాభిరామములో ఓరుగంటి వీథులను వర్ణించు సందర్భమున, తాళము వాయించుచు ద్విపదలో వీరగాథ పాడిన ఒక స్త్రీ ప్రస్తావన ఉన్నది. ఆ పాట విని యువకులు ఆవేశముతో ఊగిపోయినారని కవి వర్ణించినాడు. పండితులు దీనిని పలనాటి వీరుల గాథగానే గ్రహించినారు. అనగా అయిదారు వందల ఏండ్ల క్రిందటనే ఈ కథ పలనాటి హద్దులు దాటి, రాజధాని నడివీథిలో, స్త్రీ కంఠమున పలికినది.

అచ్చులోనికి ఇది ఆలస్యముగా వచ్చినది. పలనాటివాడే అయిన అక్కిరాజు ఉమాకాంతము 1911 లో పల్నాటి వీరచరిత్రను పరిష్కరించి, విపులమైన పీఠికతో ప్రకటించినాడు. తరువాతి కాలమున 'నేటికాలపు కవిత్వము' వ్రాసి విమర్శకుడుగా పేరొందిన ఆ పండితుడు, పల్లెపాట అని చిన్నచూపు చూడక దీనికి కావ్యగౌరవము కూర్చినాడు. శ్రీనాథుని కర్తృత్వమును గూర్చి పండితులలో భిన్నాభిప్రాయములు ఉన్నవి. కాని పాటనుండియే కావ్యము పుట్టినదనుటలో సందేహమునకు తావులేదు.

ఆ తరువాత అమెరికా పరిశోధకుడు జీన్ రోఘెయిర్ ఈ సీమకు వచ్చినాడు. అలిశెట్టి గాలెయ్య అను గాయకుడు పాడిన కథను ధ్వనిముద్రణ చేసి, ఆంగ్లములోనికి అనువదించి, విపులమైన పరిశీలనతో ఆక్స్‌ఫర్డునుండి 1982 లో ప్రకటించినాడు. గ్రంథములో లేని అంకమ్మ కథలు, పోతురాజు కథలు, వీరుల పుట్టుపూర్వోత్తరములు గాలెయ్య పాటలో విస్తారముగా ఉన్నవి. ప్రపంచములోని విశ్వవిద్యాలయములలో మౌఖిక మహాకావ్యములను చదువువారు పలనాటి పేరు ఎరిగి ఉండుటకు ఒక మాల గాయకుని గొంతు కారణము. ఈ మాటను మన పాఠశాలలలో ఎందరు బాలురు విన్నారు?

చలనచిత్రములు కూడ ఈ కథను ప్రచారము చేసినవి. గూడవల్లి రామబ్రహ్మము ఆరంభించి, ఆయన మరణానంతరము ఎల్.వి. ప్రసాదు పూర్తిచేసిన 'పల్నాటి యుద్ధం' 1947 లో వచ్చినది. అదే పేరుతో మరియొకటి 1966 లో వచ్చినది. చిత్రము రెండున్నర గంటలలో ముగియును. విద్దెవాని కథ వినుటకు రాత్రులు కావలెను. రాత్రులు తరబడి కూర్చుండి విను శ్రోత లేనప్పుడు పాడు గొంతు ఎంతకాలము నిలుచును? ఇది కారెంపూడి ఎదుట నేడున్న మొదటి ప్రశ్న.

చాపకూడు

రెండవ ప్రశ్న ఇంకను కఠినమైనది. బ్రహ్మనాయుని పేరు చెప్పగానే చాపకూడు జ్ఞప్తికి వచ్చును. ఒకే చాప పరచి, సకల కులములవారును ఒకే బంతిని కూర్చుండి భుజించుట. మాల కన్నమదాసును కొడుకుగా చేరదీసి సేనకు నాయకుని చేసినాడని, మాచర్ల చెన్నకేశవుని సన్నిధికి అందరికిని ద్వారము తెరచినాడని ఆయనను గూర్చి చెప్పుకొందురు. చంద్రవంక ఒడ్డున నేటికిని నిలిచిన ఆ చెన్నకేశవాలయమును చూచువారికి ఆ మాట తలపునకు రాక మానదు. నేడును ఉత్సవములో మందపోరు నాడు చాపకూడు జరుగును. కులమడుగక జనము బంతిని కూర్చుందురు.

పండ్రెండవ శతాబ్దమున ఇట్టి తలంపు కలుగుట సామాన్యము కాదు. కన్నడదేశమున బసవేశ్వరుడు కులభేదమును నిరసించిన శతాబ్దము కూడ అదియే. బసవని మార్గము శైవము, బ్రహ్మనాయునిది వైష్ణవము. దైవములు వేరైనను ఇద్దరును తాకిన గోడ ఒక్కటే. పలనాటి యుద్ధమును కేవలము దాయాదుల పోరుగా గాక, ఈ సంస్కరణమునకును పాత ఆచారమునకును నడుమ జరిగిన సంఘర్షణగా భావించిన విమర్శకులు లేకపోలేదు.

కాని ఒక్కమాట నిజాయితీగా అడుగుకొనవలెను. చాప ఏడాదికొక దినము పరచి, మరునాడు చుట్టి అటకపై పెట్టినచో బ్రహ్మనాయుడు సంతోషించునా? కథను తరతరములు కాపాడిన గాయకుని కులమును ఊరు తక్కిన మూడువందల అరువది దినములు ఎక్కడ కూర్చుండబెట్టినది? దేవుడైన కన్నమదాసునకు మ్రొక్కిన చేయి, కన్నమదాసు కులమున పుట్టిన పొరుగువానికి నీళ్లచెంబు అందించినదా? ఈ ప్రశ్న ఒక్క కారెంపూడికే కాదు, తెలుగునేలపై ప్రతి పల్లెకును వర్తించును. అయినను ఇతర పల్లెలకు లేని ఒక సదుపాయము కారెంపూడికి ఉన్నది. ఈ ప్రశ్న వేయుటకు అక్కడివారు పరాయి గ్రంథములను వెదకనక్కరలేదు. తమ గుడియే, తమ పండుగయే వారిని ఏటేట అడుగుచున్నది.

నాగమ్మ విషయమున కూడ ఇట్టి పునర్విచారము అవసరము. పాఠములు ఆమెను కుట్రలపుట్టగా చూపి ఊరకుండును. జిట్టగామాలపాటి నుండి వచ్చిన ఒక స్త్రీ, ఎనిమిది వందల ఏండ్ల క్రిందట, రాజ్యమునకు మంత్రిణియై, సేనను నడిపినదని ఆ కథయే చెప్పుచున్నది. ఆమె చేసినది మంచియా చెడుగా అను విచారణకు ముందు, ఆమె చేరిన స్థానము ఎంత అరుదైనదో పిల్లలకు తెలియవలెను. ఉన్నవ లక్ష్మీనారాయణ ఆమెనే కేంద్రముగా నిలిపి 'నాయకురాలు' అను నాటకము వ్రాసినాడు. 'మాలపల్లి' వ్రాసిన చేతికి కన్నమదాసును, నాగమ్మను కొత్తకంట చూచుట స్వభావసిద్ధమే గదా.

మారిన నేల, మారని పని

పలనాటి పౌరుషము ఆ యుద్ధముతో ముగియలేదు. అడవిలో పశువులు మేపినందుకు ప్రభుత్వము విధించిన పుల్లరి పన్నును ఇచ్చగించక, 1921, 1922 సంవత్సరములలో పలనాటి రైతులు సత్యాగ్రహము సాగించినారు. మించాలపాటి కన్నెగంటి హనుమంతు 1922 లో తుపాకిగుండ్లకు నేలకొరగినాడు. ఒకనాడు మందలకొరకు లంకన్న చచ్చిన సీమలోనే, మరల పశువుల మేతకొరకు హనుమంతు ప్రాణమిచ్చినాడు. నడుమ ఏడువందల ఏండ్లు గడచినను, పలనాటి బ్రతుకు పశువుల చుట్టే తిరిగినదని ఈ రెండు మరణములును చెప్పుచున్నవి.

ఆ బ్రతుకును మార్చినది నీరు. 1955 డిసెంబరు 10 న నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది. 1967 ఆగస్టు 4 న కాలువలలోనికి నీరు విడుదలైనది. జొన్నకూటికి పేరుపడిన సీమలో వరి చూచినారు. మిరప, పత్తి విస్తరించినవి. సాగరపు నీట మునిగిన లోయలో ఇక్ష్వాకుల విజయపురి ఉండెను. దానిలోని కట్టడములను, శిల్పములను త్రవ్వితీసి కొండపైకి చేర్చినారు. ప్రాచీన నగరమును కాపాడుటకు దేశము ధనము వెచ్చించినది, పండితులను పంపినది. అది సముచితమే. కాని పాటను కొండపైకి చేర్చుటకు ఏ యంత్రమును చాలదు. దానిని మరియొక గొంతులో మాత్రమే భద్రపరుపగలము.

వ్రాతకు కూడ ఇట్టి దశయే వచ్చినది. పూర్వము ప్రతి గ్రామమునకు కరణము ఉండెను, దండకవిలె ఉండెను. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున కర్నల్ మెకంజీ పంపిన గుమాస్తాలు ఊరూర తిరిగి ఆ కవిలెలను చూచి, పెద్దలనడిగి, కైఫీయతులు వ్రాసికొన్నారు. ఇంగ్లండువారి 1086 నాటి పుస్తకమువంటిదే మన పల్లెలకు ఈ కైఫీయతుల రాశి. 1984 లో కరణముల పదవులు రద్దయినవి. పన్నుల లెక్కలు కచేరీలకు చేరినవి. ఊరి కథను వ్రాయువాడు మాత్రము ఊరిలో మిగులలేదు.

ఆ పనిని ఇప్పుడు ఎవరు చేయవలెను? ఉపాధ్యాయుడును, అతని విద్యార్థులును. దీనికి గొప్ప పరికరములు అక్కరలేదు. ఒక కాగితముల పుస్తకము, ఓపికగల చెవి చాలును. ఈ ఊరికి ఈ పేరేల వచ్చినది? పాత బావిని ఎవరు త్రవ్వినారు? ఏ ఏట కరవు వచ్చినది? అప్పుడు ఎవరు ఎక్కడికి వలసపోయినారు? బడి ఎన్నడు పెట్టినారు, అందులో మొదట చదివిన ఆడపిల్ల ఎవరు? గుడిలో ఎవరికి ప్రవేశము ఉండెను, ఎవరికి లేకుండెను, ఎన్నడు ఆ కట్టు తెగినది? పాట వచ్చిన ముదుసలి ఎవరైనను ఉన్నారా? ఈ ప్రశ్నలు పట్టుకొని పది ఇండ్లు తిరిగిన విద్యార్థి నేర్చుకొను చరిత్ర, పరీక్ష ముగిసిన మరునాడు మరచిపోవు చరిత్ర కాదు. అందరి ఇండ్లకు పోవలెనన్నది ఇక్కడి ముఖ్య నియమము. పెద్దవీథిలో మాత్రమే అడిగి వ్రాసిన ఊరి చరిత్ర సగము చరిత్రయే. కారెంపూడి కథ పెద్దవీథిలో గాక పేటలో బ్రతికినదను సంగతి మరువరాదు.

పిల్లలకు ఈ కథ చెప్పునప్పుడు గురువునకు ఒక బాధ్యత కూడ ఉన్నది. బాలచంద్రుని సాహసము చెప్పి ఆపివేయుట సులువు. పిల్లల కండ్లు మెరయును, పిడికిళ్లు బిగియును. కాని పలనాటి ఊళ్లలో పౌరుషము పేర కక్షలు పెంచుకొని, రెండు ముఠాలుగా చీలి, తండ్రుల పగలు కొడుకులకు అప్పగించి చెడిన కుటుంబములు లేకపోలేదు. వారికి కథలోని కత్తి మాత్రమే చేరినది, కన్నీరు చేరలేదు. గెలిచినవాడు లేని యుద్ధమునకు ఎనిమిది శతాబ్దములుగా జరుపుచున్న సంతాపమే కారెంపూడి పండుగ. దానిని జయోత్సవముగా అపార్థము చేసికొన్నవాడు వీరులకు రెండవ మరణము కల్పించినవాడే అగును.

కల్లిపాడు ముగిసిన మరునాడు కొణతములు భుజములకెక్కి ఎవరి ఊళ్లకు వారితో తరలిపోవును. గంగధారి మడుగు మరల నిశ్చలమగును. రైతు మిరపచేనికి, పిల్లవాడు బడికి పోవుదురు. ఆ బడిలో ఆనాటి మొదటి పాఠముగా, ఆ కోడిపందెమును ఆపదలచినచో ఎవరెవరు ఆపియుండవచ్చును అని ఉపాధ్యాయుడు ఒక్క ప్రశ్న అడిగినచో, వీరుల ఊరికి అంతకు మించిన అర్చన ఉండదు.